సంచుల దగ్గర కూర్చోడానికి 2,900 రూపాయలు

మళ్ళీ వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. ఆవకాయకి కాయలు ఎక్కడ తెప్పించాలి, కారం ఎక్కడ పట్టించాలి అని నేను లెక్కలు వేసుకుంటుంటే మావాడు వచ్చి, "అమ్మా, ఈసారి కూడా పార్కుకి వెళ్దామా?" అన్నాడు. మామూలుగా అయితే "చూద్దాంలే నాన్నా" అని పంపించేసేదాన్ని. ఈసారి ఏమనిపించిందో, బీరువాలోంచి జమాఖర్చుల పుస్తకం తీసి, పోయిన దసరా సెలవుల పేజీ తెరిచాను. ఆ పేజీ చదివాక వచ్చిన కోపమే ఈ రాత.

హైదరాబాద్ చుట్టుపక్కల పార్కులకి కొదవేం లేదు. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. తర్వాత స్నో వరల్డ్, గండిపేట వైపు ఓషన్ పార్కు, 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా. మేం వెళ్ళింది ఎక్కడికో మాత్రం రాయను. నా గొడవ ఒక్క పార్కుతో కాదు, ఈ టికెట్ల పద్ధతితో.

మేం ఐదుగురం. నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే మా పెద్దది, ఐదో తరగతి చదివే మావాడు, మా అత్తయ్యగారు. బందరులో రాత్రి రైలు ఎక్కాం. స్లీపర్ టికెట్లు రానూపోనూ 2,600. దిగింది మా ఆడపడుచు వాళ్ళింట్లో కాబట్టి గది అద్దె తప్పింది. అక్కడినుంచి పార్కుకి కారు, వెళ్ళిరావడానికి 1,600. గేటు దగ్గర టికెట్లు 7,850. లోపల తిండి 2,150. నీళ్ళలో దిగాలంటే మామూలు బట్టలు పనికిరావన్నారు, ఆ నైలాను బట్టలకి 1,450. లాకరుకి 250. పిల్లలు జారుతుంటే వాళ్ళే తీసిన ఫోటోకి 340. మొత్తం 16,240 రూపాయలు.

నేను నెలకి వెయ్యి చొప్పున కట్టే చీటీలో పదహారు నెలల డబ్బు ఒక్క పగలులో అయిపోయింది. ఇంకోలా చెప్పాలంటే, 2025-26కి సాధారణ రకం ధాన్యానికి ప్రభుత్వం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకి 2,369. మా వైపు బస్తా అంటే 75 కిలోలు, అంటే 1,777 రూపాయలు. తొమ్మిది బస్తాల పైన ధాన్యం అమ్మితే మా ఐదుగురికి ఒక రోజు సరదా. పొలం ఉన్న ఇల్లాలికి ఈ లెక్క వేరే ఎవరూ వివరించక్కర్లేదు.

సరే, సరదాకి లెక్కలేమిటి అంటారేమో. నేనూ అదే అనుకుని వెళ్ళాను. ఆ రోజు మా పెద్దదాని ముఖం చూస్తే నాకే నవ్వొచ్చింది. ఇంట్లో కాస్త గట్టిగా మాట్లాడితే "ఆడపిల్లవి, నెమ్మదిగా" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అక్కడ అంత ఎత్తునించి జారుతూ గొంతు పగిలేలా అరిచింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అరుపు కోసమైనా మళ్ళీ తీసుకెళ్ళాలి అనిపించింది. అందుకే పార్కులు దండగ అని నేను అనడం లేదు. ఆ అరుపు మన పిల్లలకి అందకుండా పోతోందనే నా బాధ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ 7,850లో నా టికెట్ 1,650. మా అత్తయ్యగారిది, పెద్దవాళ్ళని తగ్గించగా 1,250. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. ఆవిణ్ణి ఒక్కర్నీ వదిలి నేను వెళ్ళలేను. లాకరులో పట్టని సంచులు, చెప్పులు, తువ్వాళ్ళు, పొడి బట్టలు, అందరి ఫోన్లు మా ఒడిలో. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఆరింటి దాకా మేమిద్దరం ఒక గొడుగు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఒక్క ఆట ఎక్కలేదు. ఒక్క నీటిబొట్టు మీద పడలేదు. మా ఇద్దరి టికెట్లూ కలిపితే 2,900. సంచుల దగ్గర కాపలా కూర్చోడానికి ఎదురు డబ్బు కట్టింది బహుశా ఆడవాళ్ళమే.

చుట్టూ చూశాను. ప్రతి బల్ల మీదా మాలాంటి వాళ్ళే. ఒకావిడ చంటిపిల్లాడికి పాలు పడుతోంది. ఇంకొకావిడ నెల తప్పి నాలుగో నెలట, ఏదీ ఎక్కకూడదు. ఒక ముసలావిడ మనవరాళ్ళ జడలు తుడుస్తోంది. అందరూ గేటు దగ్గర నిండు టికెట్ కొన్నవాళ్ళే. ఆడనివాళ్ళకి ఆట టికెట్ అమ్మడం ఏం వ్యాపారమండీ? హోటల్లో పక్కన కూర్చున్నందుకు నాకూ ప్లేటు భోజనం బిల్లు వేస్తే ఊరుకుంటామా?

మా చిన్నప్పుడు ఇలా లేదు. కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగడి ఉత్సవాలకి వెళ్ళేవాళ్ళం. రంగులరాట్నం దగ్గర మా అమ్మ మా చేతిలో చిల్లర పెట్టేది. మేం ఎక్కినన్నిసార్లకే డబ్బు. అమ్మ కింద నిలబడి మా చెప్పులు పట్టుకునేది. చెప్పులు పట్టుకున్నందుకు ఆవిణ్ణి ఎవరూ టికెట్ అడగలేదు.

ఇది పల్లెటూరి పద్ధతి, పెద్ద పార్కులకి కుదరదు అనకండి. ఈ పార్కులన్నిటికీ పెద్దన్న లాంటి డిస్నీలాండ్ 1955లో అమెరికాలో తెరిచినప్పుడు ఇదే పద్ధతి. గేటు దగ్గర పెద్దవాళ్ళకి ఒక డాలరు, లోపల ఎక్కిన ఆటకి విడిగా. తర్వాత కూపన్ల పుస్తకాలు వచ్చాయి. అన్నిటికీ కలిపి ఒకే టికెట్ అన్నది 1982లో మొదలైంది. అంటే పాతికేళ్ళకి పైగా అక్కడ కూడా తిరునాళ్ళ లెక్కే నడిచింది, పార్కేమీ మూతపడలేదు. ఫ్లోరిడాలో వాళ్ళ రెండో పార్కు 1971లో తెరిచినప్పుడు పెద్దవాళ్ళ టికెట్ మూడున్నర డాలర్లు. ఇప్పుడు క్రిస్మస్ రోజుల్లో రెండొందలకి అటూ ఇటూగా ఉంది. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు కూడా, "అక్కా, మేమూ లెక్కలు వేసుకునే వెళ్తాం, రెండేళ్ళకోసారి" అంటుంది. డాలర్లు సంపాదించేవాళ్ళే వేలు మడుస్తుంటే మనమెంత!

"అన్నిటికీ ఒకే టికెట్ అయితేనే హాయి, లేకపోతే ప్రతి ఆట దగ్గరా పిల్లలు డబ్బులు అడుగుతారు" అంటారు మావారు. నిజమే. పిల్లలకి అలాగే ఉంచండి. ఎక్కనివాళ్ళకి మాత్రం ఒక చిన్న టికెట్ పెట్టండి అంటున్నాను. చేతికి వేరే రంగు పట్టీ కట్టండి, ఆట దగ్గర ఆపండి. పట్టీలు కట్టడం వాళ్ళకి రాని విద్యేం కాదు. ఎక్కువ డబ్బు కట్టి క్యూ తప్పించుకునేవాళ్ళకి కడుతూనే ఉన్నారుగా!

ఆ సంగతీ చెప్పాలి. మావాడు ఎండలో యాభై నిమిషాలు నిలబడితే, ఇంకో పట్టీ ఉన్న పిల్లలు పక్కదారిన వచ్చి ముందు ఎక్కేశారు. "వాళ్ళెందుకమ్మా ముందు?" అన్నాడు. "ఎక్కువ కట్టారు నాన్నా." "మనం కట్టలేదా?" నా దగ్గర జవాబు లేదు. డిస్నీ వాళ్ళు కూడా 1999లో ఈ ముందు వరస ఏర్పాటు మొదలుపెట్టింది ఉచితంగానే. 2021లో దాన్ని తీసేసి డబ్బుకి అమ్మడం మొదలుపెట్టారు. నిండు టికెట్ కొన్న పిల్లాడి సమయాన్నే తీసి ఇంకొకరికి అమ్ముతున్నారన్న మాట. బళ్ళో "వరసలో నిలబడు" అని నేర్పుతాం, అక్కడ వరసకి ధర ఉందని నేర్పించి తీసుకొచ్చాను.

ఇక తిండి. నేను తెల్లవారుజామున లేచి మా ఆడపడుచు వంటింట్లో పులిహోర కలిపి, దద్దోజనం చేసి డబ్బాల్లో పెట్టుకెళ్ళాను. గేటు దగ్గర సంచి విప్పించి పక్కన పెట్టించారు. సినిమా హాళ్ళ విషయంలో 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది: బయటి తిండి వద్దనే హక్కు హాలు యజమానికి ఉంది, మంచినీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాలి అని. కోర్టు మాట కాదనను. కానీ సినిమా రెండున్నర గంటలు, తినకపోయినా గడుస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్ళలో తడిసిన పిల్లాడు ఆకలికి ఆగుతాడా? షుగరున్న మా అత్తయ్యగారు నూడుల్స్ తింటారా? పూర్తి రోజు టికెట్ అమ్మి, అన్నం డబ్బా గేటు దగ్గర ఆపేస్తే, అది మనచేత బలవంతంగా రెండో టికెట్ కొనిపించడమే.

పార్కు వాళ్ళ ఖర్చులు నాకు తెలియనివి కావు. నీళ్ళు, కరెంటు, ఒడ్డున నిలబడి చూసుకునే కుర్రాళ్ళ జీతాలు, యంత్రాల తనిఖీలు. తిరునాళ్ళలో కిర్రుమనే రంగులరాట్నం కంటే అక్కడ పిల్లని ఎక్కించడానికే నాకు ధైర్యం. పన్నూ ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ టికెట్ల మీద 28 శాతం వేశారు, 2018 జనవరిలో 18కి తగ్గించారు. ఆటలకి ఎంత ఖర్చవుతుందో అంత తీసుకోండి, కాదనం. ఆడనివాళ్ళ దగ్గర ఎందుకు?

"అంత కష్టమైతే మానేయొచ్చుగా" అనే మాట సులువు. మా పక్కింటి వదిన మానేసింది. వాళ్ళది కౌలు సేద్యం, ముగ్గురు పిల్లలు. మేం వచ్చాక మావాడు చెప్పిన కబుర్లు విని వాళ్ళ పిల్లలు పేచీ పెట్టారు. "పార్కు రిపేర్లలో ఉందిట, వచ్చే ఏడు తెరుస్తారుట" అని చెప్పింది. నన్ను చాటుకి పిలిచి, "పిల్లల దగ్గర నిజం చెప్పకు వదినా" అంది. ఆ రోజు నుంచి వాళ్ళ పిల్లలు నన్ను "ఆంటీ, బాగుచేశారా?" అని అడుగుతుంటే నేనూ అబద్ధమే చెప్తున్నాను. టికెట్ పెరిగిన ప్రతిసారీ ఏదో ఒక ఇంట్లో తల్లి ఇలా ఒక అబద్ధం వెతుక్కోవాలి. ఆ ఖర్చు ఏ బిల్లులోనూ కనపడదు.

మనకి దగ్గర్లో ఏమీ లేవా అంటే ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ లేదు. మంగినపూడి, హంసలదీవి, ఘంటసాల మ్యూజియం, కూచిపూడి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. ఈ వేసవిలో వెళ్తాం కూడా. కానీ ఆ మాట అనగానే మా పెద్దది, "సముద్రంలో స్లైడు ఉండదు కదమ్మా" అంది. దాని మాటా నిజమే. జారుడుబల్ల సరదా జారుడుబల్లదే. మా వీధి పిల్లలు ఆడుకునేది గుడి ముందు ఖాళీ స్థలంలో. దగ్గర్లో నాలుగు మంచి ఉయ్యాలలు, ఒక చిన్న నీళ్ళ మడుగు ఉంటే, ఏడాదికి ఒక్క రోజు కోసం మూడొందల నలభై కిలోమీటర్లు వెళ్ళే అవసరం సగం తగ్గుతుంది. వేరే దారి లేదు కనుకే వాళ్ళు అడిగినంత మనం ఇస్తున్నాం. గ్రామసభలో రోడ్లూ డ్రైన్లూ అడుగుతాం, ఉయ్యాల ఎప్పుడైనా అడిగామా?

కాబట్టి అక్కచెల్లెళ్ళూ, ఈసారి మీరు ఏ పార్కుకి వెళ్ళినా గేటు దగ్గర ఒక మాట అడగండి: "మేం ఏదీ ఎక్కం, మాకు చిన్న టికెట్ లేదా?" లేదంటారు. అయినా అడగండి. బయటికొచ్చేటప్పుడు అభిప్రాయం రాయమని కాగితమో ఫోనో చేతిలో పెడతారు, అందులోనూ రాయండి. ఒక్కరం అడిగితే నవ్వుతారు, రోజుకి వందమంది అడిగితే ఎవరో ఒకరు పై వాళ్ళకి చెప్తారు.

ఇదంతా రాత్రి అన్నాల దగ్గర చదివి వినిపించాను. మావారు ఏమీ మాట్లాడలేదు, చారు పోసుకున్నారు. మా అత్తయ్యగారు మాత్రం, "చిన్న టికెట్ ఇస్తే సరే. ఇవ్వకపోతే ఈసారి సంచులు మావాడి ఒళ్ళో పెట్టి మనిద్దరం నీళ్ళలో కూర్చుందాం అమ్మాయ్. డబ్బు కట్టాక ఒడ్డునెందుకు?" అన్నారు.

మావారు చారు గిన్నె నా వైపు జరిపారు. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.