ధమనికి తొడుగు వేయించిన ఇంజినీరు

పెరట్లో నీళ్లు పట్టే రబ్బరు పైపు ఒకచోట ఉబ్బితే ఏం చేస్తాం? పగలకముందే పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి చుట్టూ బిగించి కట్టేస్తాం. మరి ఆ ఉబ్బు గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని మీద ఉంటే?

బ్రిటన్‌కు చెందిన టాల్ గోల్స్‌వర్తీకి ఎదురైన సమస్య ఇదే. ఆయన డాక్టరు కాదు, ఇంజినీరు. పుట్టుకతోనే మార్ఫాన్ సిండ్రోమ్ ఉంది. శరీర భాగాలను పట్టి ఉంచే కణజాలం ఈ జబ్బులో బలహీనంగా ఉంటుంది. చాలామంది బాగా పొడవుగా, సన్నగా, పొడవాటి వేళ్లతో కనిపిస్తారు. కొందరికి కంటిలో కటకం పక్కకు జరుగుతుంది. అసలు ప్రమాదం మాత్రం పైకి కనిపించదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం తాకిడికి బృహద్ధమని మొదలు సాగి సాగి ఉబ్బుతుంది. దీన్నే ఎన్యూరిజం అంటారు. సాధారణంగా నొప్పి కూడా ఉండదు. గోడ చీలితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన అమెరికా వాలీబాల్ జట్టు తార ఫ్లో హైమన్ అలాగే పోయింది. 1986లో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగా బెంచీ మీద కూర్చున్న మనిషి కుప్పకూలింది. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. మార్ఫాన్ ఉన్నట్టు చనిపోయాకే తెలిసింది.

ఈ ఉబ్బుకు ఆపరేషన్ లేక కాదు. 1968లో లండన్ సర్జన్ హ్యూ బెంటాల్ వెల్లడించిన పద్ధతి ఎందరినో బతికించింది. ఉబ్బిన భాగాన్ని తీసేసి, కవాటం అమర్చిన కృత్రిమ గొట్టాన్ని కుడతారు. అందుకు గుండెను కాసేపు ఆపాలి. లోహపు కవాటమైతే రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి, తరచూ రక్తపరీక్షలు చేయించుకోవాలి. పాలకూర, తోటకూర ఒకరోజు ఎక్కువ తిని మరోరోజు మానేసినా మందు లెక్క తప్పొచ్చు.

గోల్స్‌వర్తీకి ఇది నచ్చలేదు. గొట్టం మార్చడం దేనికి, బయటి నుంచి బలమిస్తే చాలదా అనుకున్నారు. 2000లో ఆ మాట సర్జన్ టామ్ ట్రెజర్ చెవిన వేశారు. స్కానింగ్ చిత్రాలతో కంప్యూటర్‌లో ధమని రూపం గీసి, అచ్చం దానిలాంటి నమూనా చేసి, దాని కొలతలకు మెత్తటి వల తొడుగు తయారుచేయించారు. 2004 మే నెలలో లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో మొదటి ఆపరేషన్. తొడుగు వేయించుకున్నది ఎవరో కాదు, ఆయనే! సొంత కవాటం అలాగే ఉంది. ఆ మాత్రల అవసరం రాలేదు. తర్వాత వందలమంది అదే తొడుగు వేయించుకున్నారు.

అలాగని ఇది అందరికీ కాదు. ధమని అప్పటికే చీలితే తొడుగు పనికిరాదు. ఎవరికి ఏ పద్ధతి మేలో సర్జన్ చెప్పాల్సిందే. ఏ పద్ధతైనా చీలకముందు చేస్తేనే భరోసా ఎక్కువ.

అందుకే ఇంట్లో ఒకరికి మార్ఫాన్ ఉందని తేలితే మిగిలినవాళ్లూ పరీక్ష చేయించుకోవాలి. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. ధమని మొదలు ఎంత ఉబ్బిందో ఎకో పరీక్షలో తెలిసిపోతుంది. సూది కూడా గుచ్చరు.

ఫ్లో హైమన్ మరణం తర్వాత ఆమె తమ్ముడికి పరీక్ష చేశారు. అతనికీ అదే ఉబ్బు! వెంటనే ఆపరేషన్ చేశారు. అక్కకు దొరకని సమయం తమ్ముడికి దొరికింది.