తకిట తక... ట్యాంక్‌బండ్!

"సార్, మీరు పరుగు పందెంలో ఎప్పుడైనా కప్పు కొట్టారా? లేదు. కచేరీ చేశారా? అదీ లేదు. మరి పొద్దున్నే ఆ పరుగెందుకు? సాయంత్రం ఆ తల ఊపుడెందుకు?"

ఈ మాట నన్ను అడగని కుర్రాడు మా పేటలో లేడు. అడగడంలో తప్పేం లేదు లెండి. మన లోకంలో హీరోకి విలువ, రికార్డుకి విలువ, వంద రోజుల పండక్కి విలువ. ఏ పందెంలోనూ ముందు రానివాడూ, ఏ వేదికా ఎక్కనివాడూ రోజుకి మూడు గంటలు ఈ రెండిటికీ తగలేస్తున్నాడంటే లెక్క అడగాల్సిందే. చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నా సంగతి ముందు రెండు ముక్కల్లో. వయసు ముప్పై దాటింది, నలభై చేరలేదు. చదివింది డిగ్రీ. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేదు. సినిమాల గురించి రాసింది అచ్చయితే డబ్బులు, లేకపోతే లేదు. ఉండేది హైదరాబాదు చిక్కడపల్లిలో ఒక మేడమీద గది. ఇటు నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లు, అటు నాలుగడుగులు వేస్తే త్యాగరాయ గానసభ. ఇటు విజిళ్ళు, అటు ఆలాపనలు. మధ్యలో నేను!

తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తాను. రాత్రి సెకండ్ షో చూసి వచ్చినా సరే, ఆ టైముకి మెలకువ వచ్చేస్తుంది. గ్లాసుడు రాగిజావ తాగి, బూట్ల తాళ్ళు బిగించి, మెట్లు దిగేసరికి పాలవాడు కనిపిస్తాడు. ఇందిరా పార్కు పక్కనుంచి ట్యాంక్‌బండ్ ఎక్కేదాకా నాతోపాటు పరిగెత్తేవి వీధికుక్కలే. పాపం, వాటికి మాత్రం నామీద గొప్ప నమ్మకం, పందెంలో నేనే గెలుస్తానని కాబోలు.

ట్యాంక్‌బండ్ మీదికొచ్చాక దృశ్యం మారిపోతుంది. ఒకవైపు హుస్సేన్‌సాగర్ మధ్యలో 1992లో నిలబెట్టిన బుద్ధుడు. ఇంకోవైపు వరసగా తెలుగు మహానుభావుల విగ్రహాలు. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో పెట్టించినవి. వెండితెర మీద రాముడూ కృష్ణుడూ అయిన మనిషి గద్దెనెక్కాక నన్నయ్యనీ, మొల్లనీ, క్షేత్రయ్యనీ, త్యాగయ్యనీ తెచ్చి చెరువుగట్టున నిలబెట్టాడు! ఆ త్యాగయ్య దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్ళు వేడెక్కుతుంది. అక్కడినుంచే నా అసలు పరుగు.

ఆ త్యాగయ్య గురించి ఒక్క మాట. 1767లో పుట్టి 1847లో కన్నుమూసిన ఆయన ఉన్నది తమిళదేశంలోని తిరువయ్యూరులో. కృతుల్లో ఎక్కువభాగం రాసిందేమో మన తెలుగులో! పుష్య బహుళ పంచమినాడు అక్కడ వందలమంది ఒక్క గొంతుతో పాడే పంచరత్నాల్లో కూడా నాలుగు తెలుగువే. తెలుగు రానివాళ్ళు ఆ మాటల కోసం తెలుగు నేర్చుకుంటున్నారు. తెలుగు వచ్చిన మనం మాత్రం "క్లాసికల్ మనకి అర్థం కాదండీ" అంటాం.

సరే, పరుగులోకి వద్దాం. మీలో చాలామంది పరిగెడతారని నాకు తెలుసు, కనీసం ఫస్ట్ షోకి ఆలస్యమైనప్పుడైనా. మొదటి అరకిలోమీటరు చిరుతపులిలా దూకి, తర్వాత రొప్పుతూ కూలబడిపోవడం కొత్తవాళ్ళందరి అలవాటు. దీనికి మందు నాకు ఏ కోచ్ దగ్గరా దొరకలేదు. మా ఇంటావిడ దగ్గర దొరికింది. ఇంటావిడంటే పెళ్ళాం కాదండోయ్, ఇల్లుగలావిడ! నాకింకా పెళ్ళి కాలేదు.

ఆవిడ సర్కారు సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను పిన్నిగారూ అంటాను, ఆవిడ నన్ను అబ్బాయ్ అంటారు. ఒకరోజు నేను రొప్పుతూ గేటు దగ్గర నిలబడితే చూసి నవ్వారు.

"ఏ కాలంలో ఎత్తుకున్నావ్, అబ్బాయ్?"

"ఏమిటండీ?"

"వర్ణం మొదటి కాలంలో పాడి, ఆ తర్వాత రెండో కాలం పాడాలి. మొదటిది ఎలా ఎత్తుకుంటావంటే, దాన్ని రెట్టింపు చేసినా మాట చెదరకూడదు, శ్రుతి పోకూడదు. నువ్వు మొదలే రెండో కాలంలో ఎత్తుకుంటున్నావ్. ఇంక ఎక్కడికి పెంచుతావ్, నా మొహం!"

సంగీతంలో దీన్ని కాలప్రమాణం అంటారు. ఎత్తుకున్న వేగం చివరిదాకా వెంట్రుకవాసి జారకుండా నిలబెట్టడం. ఆ మర్నాటినుంచి తొడమీద వేళ్ళతో ఆదితాళం వేస్తూ పరిగెత్తడం మొదలుపెట్టాను. ఆదితాళమంటే ఎనిమిది అక్షరాలు: ఒక లఘువుకి నాలుగు, రెండు ద్రుతాలకి నాలుగు. అక్షరానికి నాలుగు అడుగులు, తకధిమి. అంటే ఒక ఆవర్తనానికి 32 అడుగులు. నేను నిమిషానికి 160 అడుగులు వేస్తాను, అంటే అయిదు ఆవర్తనాలు. గడియారం అక్కర్లేదు! కిలోమీటరుకి ఏడు నిమిషాలు పడుతుంది కనక 35 ఆవర్తనాలు. నెక్లెస్‌రోడ్‌లో రోజూ ఎదురయ్యే ఒక పెద్దాయన ఆ వేళ్ళు చూసి, నేను ఎవరికో ఇవ్వాల్సిన అప్పు లెక్కేసుకుంటున్నాననుకున్నాట్ట. ఆయన అనుమానం మరీ అన్యాయం కాదులెండి!

పెద్ద పెద్ద ఆటగాళ్ళ అడుగులు ఇంకా జోరు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే అమెరికన్ కోచ్ దూరం పరుగులవాళ్ళ అడుగులు లెక్కపెట్టి చూస్తే, దాదాపు అందరూ నిమిషానికి 180 లేదా ఆ పైమాటేనట. మన పి.టి.ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో వందో వంతు తేడాతో కంచుపతకం పోగొట్టుకున్నదీ ఆ ఒలింపిక్స్‌లోనే. సెకనులో వందో వంతు! తాళంలో అంత తేడా మనబోటి వాళ్ళ చెవికి ఆనదు.

ఇక ఊపిరి. మూడు అడుగులకి పీల్చు, రెండు అడుగులకి వదులు అని కొందరు కోచ్‌లు చెబుతారు. మొత్తం అయిదు. బేసి సంఖ్య కనక ఊపిరి వదలడం ఒకసారి కుడికాలి మీద, ఒకసారి ఎడమకాలి మీద పడుతుంది. భారమంతా ఒకే కాలు మొయ్యదు. ఈ సంగతి చెబితే పిన్నిగారు కాఫీగ్లాసు కిందపెట్టేశారు.

"అది ఖండగతి కదరా! కాకపోతే తక తకిట అనాలి. నువ్వు తిరగేసి తకిట తక అంటున్నావ్."

అప్పుడు ఇద్దరం కాయితం తీసుకుని లెక్క వేశాం. అయిదు అడుగుల ఊపిరులు 32 అయితే 160. ముప్పైరెండు అడుగుల ఆవర్తనాలు అయిదైతే 160. అంటే, ఊపిరీ తాళమూ దేని దారిన అది పోయి, సరిగ్గా నిమిషానికొకసారి ఒకే అడుగు మీద కలుసుకుంటాయి! మృదంగం వాయించేవాళ్ళు లెక్కలు తిప్పి తిప్పి చివరికి సమం మీద దించితే హాలంతా 'ఆహా' అంటుంది చూడండి, అది నాకు ఒంటరిగా, చెమట కారుతుండగా, నిమిషానికోసారి దొరుకుతోంది. ఎవరూ చప్పట్లు కొట్టరనుకోండి. ఇంకో రకంగా దొరికేది కాదు కనక ఈ సుఖాన్ని అమ్మేది లేదు.

"చెవిలో పాట పెట్టుకుని పరిగెత్తొచ్చు కదా" అంటారు మీరు. నేను పెట్టుకోను. హుషారు పాట పెడితే కాళ్ళు దాని వెంట పడతాయి, పాట అయిపోయాక మనిషి మిగలడు. పోనీ కృతి పెట్టుకుంటే, ఆలాపనకి తాళమే ఉండదు, కాళ్ళు ఏం చెయ్యాలి పాపం? పైగా తోడి రాగాన్ని ఆటోల మధ్య వినడం పాపమని నా గట్టి అభిప్రాయం. వెనకనుంచి వచ్చే బస్సు హారను వినబడాలన్న చిన్న స్వార్థం కూడా ఉంది.

మన పత్రిక సినిమా పత్రిక కనక ఇక్కడో ముచ్చట. 1980లో విడుదలైన 'శంకరాభరణం' చూసి ఊరూరా పిల్లలు సంగీతం పాఠాల్లో చేరారని మీ అమ్మానాన్నలు చెప్పే ఉంటారు. ఆ శంకరశాస్త్రిగా వేసిన జె.వి.సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టర్. పొద్దంతా ఫైళ్ళు చూసుకుంటూ నాటకాలాడిన మనిషి! ఆయనకి గొంతిచ్చిన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం తాను శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని ఎన్నోసార్లు చెప్పుకున్నారు. కె.వి.మహదేవన్ బాణీల్లో ఆ పాటలు పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. తర్వాత బాపు 1981లో తీసిన 'త్యాగయ్య'లో కూడా సోమయాజులే. దానికి ముందు, 1946లోనే, చిత్తూరు నాగయ్య స్వయంగా నటించి, దర్శకత్వం వహించి 'త్యాగయ్య' తీశారు. పరుగు సంగతికొస్తే 1991లో మౌళి దర్శకత్వంలో 'అశ్విని' వచ్చింది. అందులో నాయిక నిజంగా ట్రాక్ మీద పరిగెత్తిన అశ్వినీ నాచప్ప. నటన ఆమె వృత్తి కాదు. అయినా తెర మీద ఆ పరుగు చూడండి, ఏ డూపూ అలా పరిగెత్తలేదు. దొరికితే తప్పక చూడండి, టిక్కెట్టు డబ్బులు నావి కావనుకోండి.

ఇక సాయంత్రాలు. గానసభలో చాలా కచేరీలకి టిక్కెట్టు ఉండదు. వర్ణంతో మొదలెట్టి మంగళంతో ముగించే ఇప్పటి కచేరీ పద్ధతిని స్థిరపరిచింది అరియకుడి రామానుజయ్యంగార్ అంటారు. అసలు అంశం పూర్తయ్యే వేళ మృదంగం ఒక్కటే తని ఆవర్తనం అందుకోగానే సగం హాలు కాఫీకి లేస్తుంది. సినిమాలో పాట రాగానే సిగరెట్టుకి లేచే ప్రేక్షకుడూ వీళ్ళూ బంధువులే! నేను లేవను. లేవకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, నా జేబులో ఒక నోటుబుక్కు ఉంటుంది.

పిన్నిగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. నాలుగడుగుల దూరంలో ఉన్న గానసభకి వెళ్ళి ఆవిడకి మూడేళ్ళు దాటింది. "కారు పిలుస్తాను, కుర్చీ వేయిస్తాను" అన్నా ససేమిరా ఒప్పుకోరు. "నలుగురూ లేచి దారివ్వడం నాకిష్టం లేదబ్బాయ్" అంటారు. అందుకని నేను వెళ్ళి, ఏం పాడారు, ఏ రాగం, ఏ తాళం, స్వరకల్పన ఏ పాదం దగ్గర ఎత్తుకున్నారు, తని ఎంతసేపు, అన్నీ రాసుకొచ్చి రాత్రి వరండాలో చదువుతాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటారు. "అక్కడ ఎత్తుకున్నాడా! గట్టివాడే" అంటారు. ఒక్కోసారి నేను రాగం పేరు తప్పు రాస్తే, ఆ పక్క వివరాలు విని దిద్దుతారు. మోకాళ్ళు పనిచేసేవాణ్ణి నేను, చెవి ఆవిడది. అలా నడుస్తోంది మా కచేరీ.

చిక్కు ఎక్కడంటే, సినిమా వాళ్ళ ప్రెస్‌మీట్లూ, ప్రీ రిలీజ్ ఫంక్షన్లూ కూడా సాయంత్రం ఆరింటికే! రెండేళ్ళ కిందట ఒక పెద్ద సినిమా ఫంక్షను, ఒక మంచి వయొలిన్ కచేరీ ఒకేరోజు పడ్డాయి. నేను వయొలిన్‌కి వెళ్ళాను. మర్నాడు నాకు పని ఇచ్చే ఒక సంపాదకుడు ఫోన్‌లో అడిగాడు, "నీకు సినిమా కావాలా, సన్నాయి కావాలా?" అని. వయొలిన్ అండీ అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ పేజీ ఇంకొకరికి వెళ్ళిపోయింది, దానితోపాటు నా గది అద్దె కూడా. ఆ నెల అద్దె పదిరోజులు ఆలస్యమవుతుందని పిన్నిగారితో చెబితే, ఎందుకని అడగలేదు. "అది సరే, మొన్న తని ఏ గతిలో ముగించారో చెప్పలేదు నువ్వు" అన్నారు. ఇప్పటికీ ఆ పేజీ తిరిగి రాలేదు. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ వయొలిన్‌కే వెళతాను. పెళ్ళిచూపుల్లో ఈ మాట అనొద్దని మాత్రం మా అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను, వేసింది ఆవిడ కాదు, నేను!

పందెం సంగతి అడిగారు కదూ. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాను. అంటే 21 కిలోమీటర్ల పైన ఇంకో వంద మీటర్లు. నెక్లెస్‌రోడ్‌లో మొదలై గచ్చిబౌలిలో ముగుస్తుంది. మధ్యలో ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు. ఏ హీరోగారి బాల్కనీలోంచీ ఎవరూ చెయ్యి ఊపలేదు సుమండీ. ఎత్తు ఎక్కుతున్నప్పుడు పక్కవాళ్ళు దూసుకుపోతుంటే కాళ్ళు తొందరపడ్డాయి. తాళం వదల్లేదు. రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు, అటూ ఇటూగా 740 ఆవర్తనాలు. నాకంటే ముందు వచ్చినవాళ్ళు ఎందరో నేను లెక్కపెట్టలేదు. అదొక్కటే ఆ రోజు లెక్కపెట్టనిది. మెడల్ తెచ్చి చూపిస్తే పిన్నిగారు దాన్ని చేత్తో తూచి, "తంబూరాకి తగిలించు, బాగుంటుంది" అన్నారు.

వచ్చే ఆదివారం పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్ళాలి. సాయంత్రం గానసభలో గాత్ర కచేరీ. నోటుబుక్కులో మూడే పేజీలు మిగిలాయి, కొత్తది కొనాలి. ఇంతలో ఒక సినిమా ప్రెస్ షో కూడా ఆ ఆదివారమే, ఆరింటికేనని కబురొచ్చింది. పి.ఆర్.ఓ. గారికి ఇంకా ఫోన్ చెయ్యలేదు.