హిమదేశపు శునకము – మన యూరి కుక్క

మన గోదావరి సీమలో మంచనఁగా ధనుర్మాసమున వేకువజామున వరిచేలపైఁ గ్రమ్ముకొను పొగమంచు మాత్రమే. నేలపై దూదివలెఁ బేరుకొను హిమమును మనమెఱుఁగము. అయినను హిమభూములకుఁ దగిన హస్కీ మొదలగు కుక్కలను నేఁడు మన పట్టణములలోఁ గొందఱు వేడుకకై పెంచుచున్నారు. ఇది ప్రేమ కాదని మా యభిప్రాయము.

ఆ కుక్కల రోమము రెండు పొరలుగా నుండును. లోపలిది దేహపు వేఁడిని నిలుపును. పైది తడి నంటనీయదు. పాదములలో రక్తనాళములు దగ్గఱగా నుండుటచే, చల్లఁబడి మరలివచ్చు రక్తము పక్కనాళములలోని వెచ్చని రక్తముచేఁ గాఁగును. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణమునఁ గంఠసర్పి వ్యాధి పొడసూపఁగా, సుమారు 150 కుక్కలు వంతులవారీగా 674 మైళ్ళు బండ్లు లాగి, అయిదున్నర దినములలో మందు చేర్చినవి.

అచ్చట వరమైన యా రోమమే మన వైశాఖపుటెండలో శాపమగును. కుక్క ముఖ్యముగా నాలుక చాఁచి వగర్చుటచేతనే చల్లఁబడును. కోస్తా తేమగాలిలో నదియుఁ జక్కఁగా సాగదు.

మన యూరి కుక్క సంగతి వేఱు. పలుచని రోమముగల యా ప్రాణి యెండకోర్చును గాని, పుష్యమాసపు రాత్రులఁ బొయ్యి బూడిదలో ముడుచుకొని, ముక్కును తోఁకక్రిందఁ దాఁచుకొనును. అది తఱచుగాఁ బిల్లలను బెట్టునదియు నా చలికాలముననే.

కావున మిత్రులారా! హిమదేశపు కుక్కను గొనుటకు మాఱుగా, మన వాకిటి కుక్కకు అరుగుమూల నింత యెండుగడ్డి వేసి, పైనొక పాత గోనెసంచి పఱచుఁడు. ధనవ్యయము లేదు, ఒక ప్రాణము నిలుచును.