నేల ఒకరిది, ఆట ఒకరిది

ఆటల గూర్చి వ్రాసేవారు సాధారణంగా ఆటగాళ్ళ గూర్చే వ్రాస్తారు. గెలిచిన జట్టును పొగుడుతారు, ఓడిన జట్టును ఓదారుస్తారు. ఆడిన నేల ఎవరిది, దాని అద్దె ఎంత, ఆ అద్దె ఎవరి జేబులోకి పోతుంది అని అడిగేవారు అరుదు. నేను అడగదలచుకున్నది ఆ ప్రశ్నే. కొంత సొంతం, కొంత కౌలు కలిపి వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడికి నేల అనగానే ముందు తోచే ప్రశ్న అదే గదా!

ఇందుకు నేను తీసుకున్న ఉదాహరణ ఇంగ్లండులోని కోవెంట్రీ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు. "మన సావనీరుకీ కోవెంట్రీకీ ఏం సంబంధమోయ్?" అని మిత్రులు అడగవచ్చు. శని, ఆదివారాల రాత్రులు హాస్టలు గదుల్లో సెల్‌ఫోను చుట్టూ మూగి ఇంగ్లీషు ఫుట్‌బాల్ చూసేవాళ్ళు మనలో తక్కువేమీ లేరు. గోలు కొట్టినవాడి పేరు అందరికీ నోటికి వచ్చు. గోలుపోస్టు పాతిన నేల కథ కూడా కాస్త తెలుసుకుంటే నష్టం లేదు.

కోవెంట్రీ సైకిళ్ళకూ కార్లకూ పేరుపడ్డ కార్మికుల ఊరు. 1883లో సింగర్ సైకిల్ ఫ్యాక్టరీ కార్మికులు కలిసి పెట్టుకున్న జట్టే తరువాత కోవెంట్రీ సిటీ అయింది. 1899 నుండి 2005 వరకు, అంటే నూరేళ్ళకు పైగా, హైఫీల్డ్ రోడ్డు మైదానం వాళ్ళ ఇల్లు. 1967 నుండి 2001 దాకా ఏకధాటిగా మొదటి శ్రేణిలో ఆడారు. 1987లో టాటెన్‌హామ్‌ను 3-2 గోళ్ళతో ఓడించి ఎఫ్.ఏ. కప్పు తెచ్చుకున్నారు.

2005లో పాత మైదానం వదిలి, 32 వేల మంది పట్టే రికో అరీనా అనే కొత్త స్టేడియంలోకి మారారు. స్టేడియం గొప్పదే. కాని అది క్లబ్బుది కాదు! దాన్ని నడిపే కంపెనీలో సగం వాటా నగర కౌన్సిల్‌ది, సగం హిగ్స్ అనే ధర్మసంస్థది. ఒకప్పుడు ఆ రెండో సగం క్లబ్బుదే. డబ్బు ఇబ్బందుల్లో పడి, గృహప్రవేశానికి ముందే దాన్ని అమ్ముకుంది. అలా సొంత ఇల్లు వదిలి అద్దె ఇంట్లో చేరింది.

అద్దె ఏడాదికి 12 లక్షల పౌన్లకు పైమాటే. అది చాలనట్టు, మ్యాచ్ రోజున జనం తిన్న తిండి మీద, తాగిన పానీయాల మీద, కారు నిలిపిన చోటు మీద వచ్చే ఆదాయం క్లబ్బుకి రాదు. జనం వచ్చేది జట్టును చూసి, లాభం చేరేది స్టేడియం కంపెనీకి. 2012లో జట్టు మూడో శ్రేణికి పడిపోయింది. పంట తగ్గింది, కౌలు మాత్రం తగ్గలేదు.

మా వైపు వరి పొలాల కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట అవుతుంది. తుఫాను వచ్చినా, దోమ కొట్టినా, ఆ బస్తాలు కొలవాల్సిందే. పాలుకు చేసుకునే పద్ధతి వేరు. అక్కడ పండినదాన్ని ఇద్దరూ పంచుకుంటారు, ఎండితే నష్టమూ పంచుకుంటారు. కోవెంట్రీలో జరిగింది మొదటి రకం. శ్రేణి మారినా మారని అద్దె ఏ కౌలుదారునికైనా ఉరితాడే.

అయితే, కౌలుదారుడు కూడా అమాయకుడేమీ కాదు. క్లబ్బును 2007 చివర్లో సిసు అనే పెట్టుబడి సంస్థ కొన్నది. 2012లో అది అద్దె కట్టడం ఆపేసింది. బకాయి పది లక్షల పౌన్లు దాటింది. ఆ బకాయి పడింది ఎవరో జమీందారుకి కాదు, ఊరి ప్రజల కౌన్సిల్‌కీ, ఒక ధర్మసంస్థకీ వాటాలున్న కంపెనీకి. అద్దె ఎక్కువైతే తగ్గించమని పోరాడాలి గాని, తాళం చెవి చేతిలో పెట్టుకుని డబ్బు ఎగ్గొడతానంటే ఏ న్యాయం ఒప్పుకుంటుంది? 2013లో క్లబ్బు కంపెనీ దివాళా విచారణకు వెళ్ళింది. లీగు వారు పది పాయింట్లు కోశారు. ఆ ఆగస్టులో మరో పది కోశారు. స్టేడియం కంపెనీకి కౌన్సిల్ ఇచ్చిన 1 కోటి 44 లక్షల పౌన్ల అప్పు చెల్లదంటూ సిసు కోర్టుకెక్కింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. పై కోర్టుల్లోనూ ఫలితం లేకపోయింది.

యజమానీ కౌలుదారూ కోర్టులో ఉండగా జట్టు ఎక్కడుంది? ముప్పై మైళ్ళకు పైగా దూరంలోని నార్తాంప్టన్‌లో! 2013-14 సీజను "సొంత" మ్యాచ్‌లన్నీ ఏడు వేల పైచిలుకు మంది పట్టే పరాయి మైదానంలో ఆడారు. చూడడానికి వచ్చింది సగటున రెండు వేల పైచిలుకు మంది. చాలామంది అభిమానులు టిక్కెట్టు కొననని భీష్మించారు. కొందరు అంత దూరమూ వెళ్ళి, లోపలికి పోకుండా, మైదానం పక్కనున్న గుట్టమీద నిలబడి చూశారు. ఆ గుట్టకు తమ పాత మేనేజరు పేరు కలిసివచ్చేలా "జిమ్మీస్ హిల్" అని పేరు కూడా పెట్టుకున్నారు.

నా దృష్టిలో ఈ కథకంతటికీ కేంద్రం ఆ గుట్టే. నేల హక్కు ఒకరిది, క్లబ్బు హక్కు మరొకరిది. ఆ రెండింటికీ విలువ తెచ్చినవాళ్ళు మాత్రం ఏ హక్కూ లేక గుట్టమీద నిలబడ్డారు. 2014 సెప్టెంబరులో జట్టు తిరిగి ఊరికి వచ్చిన తొలి మ్యాచ్‌కి 27,306 మంది వచ్చారు. ఖాళీ స్టేడియానికి విలువ తెచ్చేది సిమెంటూ ఇనుమూ కాదని చెప్పడానికి ఆ అంకె ఒక్కటి చాలు.

ఇంతలో మరో విచిత్రం. అదే ఏడాది స్టేడియం కంపెనీని వాస్ప్స్ అనే రగ్బీ క్లబ్బు కొనేసింది. అది పుట్టింది లండన్‌లో, అప్పటిదాకా తానూ పరాయి మైదానంలో అద్దెకున్నదే. నిన్నటి కౌలుదారుడు నేటి భూస్వామి అయ్యాడన్నమాట. కష్టం తెలిసినవాడు కనికరిస్తాడనుకుంటాం. కాని కోర్టు తగాదాల నడుమ ఒప్పందం కుదరక, 2019 నుండి రెండు సీజన్లు కోవెంట్రీ మళ్ళీ ఊరు విడిచి బర్మింగ్‌హామ్‌లో ఆడింది. తిరిగి వచ్చింది 2021 ఆగస్టులో.

అంతటితో అయిందా? 2022 వేసవిలో కామన్వెల్త్ క్రీడల రగ్బీ ఆ మైదానంలోనే జరిగింది. గడ్డి పాడయింది. కొత్త సీజను మొదట్లో కోవెంట్రీ సొంత మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. నేల తనది కానివాడు విత్తే అదును కూడా తను ఎంచుకోలేడు. ఆ అక్టోబరులో వాస్ప్స్ అప్పుల భారంతో కూలింది. ఫ్రేజర్స్ గ్రూపు స్టేడియాన్ని కొన్నది. కొన్న కొద్దిరోజులకే, కొత్త షరతులు ఒప్పుకోకపోతే ఖాళీ చేయమని క్లబ్బుకు నోటీసు! చివరికి 2025 ఆగస్టులో, కొత్త యాజమాన్యంలో, క్లబ్బే స్టేడియాన్ని కొనుక్కుంది. సొంత నేల మీద నిలబడడానికి దానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

"డబ్బున్నవాళ్ళ తగాదా, మనకెందుకు?" అని తీసిపారేయవచ్చు. కాని తగాదా డబ్బున్నవాళ్ళదే అయినా గుట్ట ఎక్కింది మామూలువాళ్ళు. "కొనుక్కుంటే పోలేదా?" అనే వాదన ఇంకొకటి. అందరూ కొనుక్కోగలిగితే లోకంలో కౌలు అనే మాటే ఉండదు. కొనలేనివాడు గౌరవంగా బతికే మార్గం ఏమిటన్నదే అసలు ప్రశ్న.

మా బోటనీ పాఠంలో లైకెన్ అని ఉంది. రాళ్ళమీద, చెట్ల బెరళ్ళమీద పెరుగుతుంది. చూడడానికి ఒకే మొక్క, నిజానికి రెండు జీవులు. శిలీంధ్రం నీడా తేమా ఇస్తుంది, శైవలం ఆహారం తయారు చేస్తుంది. అక్కడ యజమాని ఎవరు, కౌలుదారు ఎవరు అని అడగడం వృథా. స్టేడియం, క్లబ్బు కూడా అలాంటివే. ఒకటి రెండోదాన్ని పీల్చేస్తే మిగిలేది బోడి రాయి.

కనుక నా అభిప్రాయం మూడు ముక్కల్లో చెబుతాను. ఒకటి, అద్దె పంటతోపాటు పెరగాలి, పంటతోపాటు తగ్గాలి. జట్టు ఏ శ్రేణిలో ఉంది, ఎంతమంది వచ్చారు అన్నదానిమీద లెక్క ఉండాలి. రెండు, ఆట తెచ్చిన జనం వల్ల వచ్చే ఆదాయంలో ఆటకు వాటా ఉండాలి. మూడు, అన్నిటికంటే ముఖ్యం, ఊరి జట్టు ఆడే నేలను అమ్మాలన్నా, జట్టును ఊరు దాటించాలన్నా, ఆ ఊరి ప్రేక్షకుల మాట వినే ఏర్పాటు ఒప్పందంలోనే ఉండాలి. మొదటి రెండూ ఇద్దరి మధ్య బేరం. మూడోది లేకపోతే ఆ బేరం ఎంత బాగున్నా మళ్ళీ గుట్టే గతి.

కాగితం ఒక్కటే చాలదనీ నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారుల హక్కుల కోసం 2019లో చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమానికి భయం. ఆ సంతకం లేక కౌలుదారుకి కార్డు రాదు. మనవైపు నోటిమాట నమ్మకం మీద సాగు నడుస్తుంది, కాగితం దొరకదు. కోవెంట్రీలో కాగితాలకు కొదవలేదు, వకీళ్ళకు అంతకన్నా కొదవలేదు. కరువైంది నమ్మకమే. రెండూ ఉన్నచోటే యజమాని నిద్రపోతాడు, కౌలుదారుడు ధైర్యంగా విత్తుతాడు.

మిత్రులారా! మన పట్టణాల్లోనూ ఆడుకునే మైదానాలు ఒకరివి, ఆడేవాళ్ళు ఇంకొకరు. ఎగ్జిబిషన్‌కో, సభకో గుంజలు పాతేముందు అక్కడ రోజూ ఆడే కుర్రాళ్ళను అడిగినవాళ్ళు ఎందరు? ఈసారి ఫోనులో మ్యాచ్ చూస్తూ "ఏం స్టేడియంరా!" అనుకున్నప్పుడు, "ఎవరిది?" అని కూడా అడగండి. ఆ ప్రశ్న అలవాటైతే, రేపు మన మైదానం దగ్గర కూడా అడగగలుగుతాం.