జీతం లేని యుద్ధ విలేకరి

యుద్ధ విలేకరి అనగానే మనకు టీవీలో చూసిన రూపమే గుర్తుకొస్తుంది. తలకు ఇనుప టోపీ, ఒంటికి గుండు దిగని కోటు, వెనకాల పొగ. ఆ మనిషికి పెద్ద సంస్థ అండ, నెల జీతం, బీమా అన్నీ ఉంటాయనుకుంటాం. కానీ ఇవేవీ లేకుండా, ఇచ్చిన వార్తకు ఇంత అని పుచ్చుకుని కాల్పుల మధ్యకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళే ఫ్రీలాన్స్ విలేకరులు.

మన పొరుగున బస్తర్‌లో ముకేశ్ చంద్రాకర్ అలాంటివాడే. అతనిది తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న బీజాపూర్ జిల్లా. పోలీసులకూ మావోయిస్టులకూ మధ్య ఏళ్ళ తరబడి సాగిన పోరు గురించి టీవీ చానళ్ళకు వార్తలు పంపుతూనే, 'బస్తర్ జంక్షన్' అని సొంతంగా యూట్యూబ్ చానల్ నడిపాడు. 2021 ఏప్రిల్‌లో ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు, ఒకరు మావోయిస్టులకు చిక్కారు. ఆ జవానును క్షేమంగా వెనక్కి తెచ్చిన బృందంలో ముకేశ్ కూడా ఉన్నాడు.

అంత పోరులోనూ బతికి బయటపడ్డవాడు 2025 జనవరి 1న ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదు. 3వ తేదీన బీజాపూర్‌లోనే ఓ కాంట్రాక్టర్ ఆవరణలో, సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. రోడ్డు పనుల్లో అక్రమాల గురించి వచ్చిన వార్తే కారణమని పోలీసులు చెప్పారు. ప్రధాన నిందితుడు పట్టుబడింది మన హైదరాబాద్‌లోనే!

ఇక్కడ మనం ఆలోచించాల్సిందొకటుంది. బయటి నుంచి వచ్చిన విలేకరి పని కాగానే బండెక్కి వెళ్ళిపోతాడు. ఊళ్ళో విలేకరి ఎక్కడికి పోతాడు? వార్త ఎవరి మీద రాశాడో వాళ్ళకే పొద్దున లేస్తే ఎదురుపడాలి. అతని ఇల్లు, అమ్మానాన్నలు, పిల్లల బడి అందరికీ తెలుసు. ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023లోనే పాత్రికేయుల రక్షణ బిల్లు ఆమోదించింది. అయినా ముకేశ్ ప్రాణం దక్కలేదు.

ఆడవాళ్ళకైతే అక్కడికి వెళ్ళడమే ఓ పోరాటం. అమెరికా రచయిత్రి మార్తా గెల్‌హార్న్ 1944లో ఆస్పత్రి ఓడలో దాక్కుని నార్మండీ తీరం చేరింది. స్త్రీలను యుద్ధరంగానికి పంపబోమన్నారు మరి! మన ప్రభా దత్‌కు 1965 యుద్ధంలో పత్రికవాళ్ళు అనుమతి ఇవ్వలేదు. సెలవు పెట్టి ఖేమ్‌కరణ్ వెళ్ళి వార్తలు పంపింది.

మా హత్నూరలో బాంబులేమీ పడవు కదా, ఈ గొడవంతా మనకెందుకు అంటారేమో. గుండ్లమాచనూరు, బొర్పట్ల వైపు మందుల ఫ్యాక్టరీలున్నాయి. పక్కనే పటాన్‌చెరు, పాశమైలారం. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. ఇలాంటి చోట గేటు దగ్గర నిలబడి లోపల ఏం జరిగిందో అడగాల్సింది ఎవరు? మండల విలేకరే కదా!

అతని బతుకు చూడండి. చాలామందికి జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే 'లైన్ అకౌంట్' ఒక్కటే ఉంటుంది. అది పెట్రోలుకే చాలదు. పైగా పండగలకు ప్రకటనలూ తేవాలి. ఏ ఫ్యాక్టరీ వాగులోకి నీళ్ళు వదిలిందో రాయాలో, ఆ ఫ్యాక్టరీనే ప్రకటన అడగాలి. ఇక నిజం ఎలా రాస్తాడు? రాస్తే ప్రకటన పోతుంది, రాయకపోతే ఊరి నీళ్ళు పోతాయి. కొందరు తప్పుదోవ పట్టి బెదిరించి డబ్బులు గుంజుతున్నారన్నదీ నిజమే. కానీ జీతమే ఇవ్వకుండా నిజాయితీ ఒక్కటే కావాలనడం ఏం న్యాయం?

ఈ లెక్కంతా చివరికి వచ్చి పడేది ఇంటి ఇల్లాలి మీద. విలేకరి భార్య కుట్టుమిషన్ తొక్కో, చిన్న బడిలో పాఠాలు చెప్పో ఇల్లు నడిపితేనే మనకు పొద్దున్నే వార్త అందుతుంది. అతనికేమైనా అయితే ఆమెకు దిక్కెవరు?

అందుకే నేననేది, వార్త వాడుకునే ప్రతి సంస్థా రాసినవాడికి కనీసం ప్రమాద బీమా, నెలకింత అని కచ్చితమైన మొత్తం, కేసు పడితే లాయరు ఖర్చు ఇవ్వాలి. బెదిరింపు వచ్చిన రోజే పోలీసులు ఫిర్యాదు రాసుకోవాలి. మనమూ ఊరికే ఉండకూడదు. మన ఊరి సమస్య రాసినందుకు విలేకరిని ఎవరైనా దబాయిస్తే, మహిళా సంఘం తరఫున నలుగురం వెళ్ళి అతని పక్కన నిలబడాలి. అతను రాసింది మన నీళ్ళ గురించి, మన పిల్లల గురించే కదా!