చలికాలపు కుంపటి

పుష్యమాసపు చలి యెట్టిదో ఉత్తర తెలంగాణమువారికి చెప్పి తెలుపవలసిన పని లేదు. పగలు ఎండ చుఱుక్కుమనుచునే యుండును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మాత్రము మట్టిగోడల పాతయిండ్లలో చలి నేలనుండి పైకి ప్రాకి వచ్చును. సిరిసిల్లకు చేరువనున్న కోనరావుపేట వంటి గ్రామములలో తెల్లవాఱుజామున నీళ్లు ముట్టినచో వ్రేళ్లు కొంకర్లు పోవును. కావుననే నిప్పు కాగుటయు, పసిబిడ్డ యున్న గదిలో కుంపటి నుంచుటయు తరతరములుగ మనకు అలవాటైనవి. ఈ మాసము ఆ కుంపటిని గూర్చియే సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి. అందులకు కారణము గలదు.

గత సంవత్సరము ఇదే దినములలో కోనరావుపేటలో మా బంధువుల యింట నాలుగు రోజులుంటిమి. నడుమ వాకిలి, చుట్టును గదులు, టేకు దూలములు, గూనపెంకల కప్పు గల వెనుకటి యిల్లది. యజమాని గోదావరిఖనిలో బొగ్గుగని పనిచేసి, ఉద్యోగము ముగిసిన తరువాత సొంతయూరు చేరినాడు. సింగరేణి బొగ్గును ఇల్లెందు వైపున డాక్టరు విలియం కింగు 1871లో కనుగొనుటయు, 1889లో త్రవ్వకము మొదలగుటయు చదువరులెఱిగినదే. అటు పిమ్మట గనుల కాలనీలలో ఎన్నో సంసారములు బొగ్గుపొయ్యిమీదనే గడచినవి. వీరును ఆ పొయ్యిని విడువలేక వెంట తెచ్చుకొన్నారు. ఇనుపబొక్కెనకు అడుగున రంధ్రము కోసి, నడుమ ఇనుపచువ్వలు పఱచి, లోపల బంకమట్టి మెత్తినది. ఊరిలో రాతిబొగ్గు దొరకదు గనుక కట్టెబొగ్గు చేతితో వేయుచుండిరి. వంటకు గ్యాసు ఉన్నది. ఇది చలికి మాత్రమే.

ఆ యింట కోడలు ప్రసవించి పదునెనిమిది దినములైనది. సాయంకాలము అవ్వ పొయ్యిని వాకిట పెట్టి, పిడకముక్క వేసి రాజేసెను. మొదట కన్నులు మండునంత పొగ. అవ్వ విసనకఱ్ఱతో విసరి విసరి, బొగ్గులు ఎఱ్ఱబడి పొగ పూర్తిగ పోయిన తరువాతనే లోపలికి పట్టించెను. మేము కొంచెము సందేహింపగా, “పొగ వోయింది బిడ్డా, ఇగ భయమేంది?” అని నవ్వెను. మేమును ఊరకుంటిమి. బాలెంతకు గాలి సోకరాదని కిటికీ మూసి, గడప సందున పాతచీర దోపి, తల్లియు బిడ్డయు అవ్వయు ఆ గదిలో పండుకొనిరి.

అర్ధరాత్రి దాటిన పిమ్మట అవ్వకు తల పగులునట్టి నొప్పి వచ్చెను. అజీర్ణమని తలచి వాము నమిలి మరల పండుకొనెను. కొంతసేపటికి డోకు వచ్చి, లేవబోయి తలుపుకడ కూలబడెను. ఆ చప్పుడునకు మేము పరుగెత్తితిమి. లోపల పొగ లేదు, వాసన లేదు, పొయ్యిలో నివురు గప్పిన నిప్పు చల్లగా నిదురించుచున్నట్లున్నది. కోడలిని మూడుసార్లు పిలిచినను కన్ను విప్పలేదు. బిడ్డ పాలకేడ్చు వేళ దాటినను ఏడ్వలేదు. ఒప్పుకొనవలసిన మాట: మాకు తోచినదంతయు, చలికి బిగిసిరి కాబోలునని ఇంకొక దుప్పటి వెదకుటయే.

ఇంటి యజమాని వచ్చి ఒక్కసారి లోపలికి చూచి, “అందర్ని వాకిట్లకు తెండి! తలుపులన్ని తెరువుండి!” అని కేకవేసి, తానే బిడ్డ నెత్తుకొని బయటకు దూకెను. గనిలో నేర్చిన పాఠము ఆ రాత్రి ఆయనకు అక్కఱకు వచ్చినది. పొరుగింటివారు వ్రేలికి తగిలించు చిన్నయంత్రము తెచ్చి చూడగా కోడలికి తొంబదియెనిమిది చూపెను. “అంత మంచిగనే ఉన్నది” అనిరి. యజమాని దానిని నమ్మక 108 బండిని పిలిపించెను. ఆసుపత్రిలో ముగ్గురికిని ఆక్సిజను పెట్టిరి. తెల్లవాఱిన తరువాత బిడ్డ పాలు త్రాగెను. అంతవఱకు ఎవరమును నోట మాట లేకుంటిమి.

వైద్యురాలు ఆనాడు మాకు విప్పి చెప్పినదానినే ఇచ్చట వ్రాయుచున్నాము. నిప్పుకు క్రిందినుండి చాలినంత గాలి యందినచో బొగ్గు చక్కగా కాలి, మన ఊపిరిలో వెలువడు బొగ్గుపులుసుగాలియే పుట్టును. అది పైనున్న ఎఱ్ఱని బొగ్గుల నడుమనుండి పోవునపుడు మాఱి, కార్బన్ మోనాక్సైడను వేఱొక వాయువగును. రాజుకొన్న కుంపటిపై నీలిమంట లాడుట మీరు చూచియే యుందురు. ఆ వాయువు మండుటచేతనే ఆ నీలిరంగు. మంట తగ్గి నివురు క్రమ్మినప్పుడు అది మండక, అట్లే గదిలో నిండును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ పోయినది గదా యని మనము కుంపటిని లోపలికి తెచ్చుకొను వేళయే దానికి అనువైన వేళ! కట్టెబొగ్గైనను రాతిబొగ్గైనను ఇందులో తేడా లేదు.

రక్తములోని హిమోగ్లోబిను ఆక్సిజనుకంటె ఈ వాయువును రెండువందల రెట్లకు పైగా గట్టిగ పట్టుకొనును. పట్టినది త్వరగా విడువదు. మామూలు గాలిలో దానిలో సగము పోవుటకే నాలుగైదు గంటలు పట్టును. స్వచ్ఛమైన ఆక్సిజనుతో గంట, గంటన్నర చాలును. వ్రేలి యంత్రము ఈ రెండింటికిని భేదము తెలియలేక అంతయు ఆక్సిజనే యని చూపును. తలనొప్పి, కడుపులో త్రిప్పుట, మత్తు ముందుగా వచ్చును. ఒకే గదిలోని వారికి ఒకేసారి ఇవి కలిగినచో అజీర్ణమని వాము నమలుచు కూర్చుండరాదు. ఇంగ్లండు గనులలో ఈ విషవాయువును పసికట్టుటకు 1986 వఱకు కనరీ పక్షులను ఉంచెడివారు. త్వరత్వరగ ఊపిరి తీయు చిన్నప్రాణి మనిషికంటె ముందు సొమ్మసిల్లును. పసిబిడ్డయు అట్టిదే.

“మా అత్త పెట్టింది, నేను పెట్టిన, ఎన్నడు గిట్ల కాలేదు” అని అవ్వ పదేపదే అనుచుండెను. ఆమె మాట అబద్ధము కాదు. ఆ మాటకు సమాధానము వెదకుచు మేము ఆ గదిని మరల పరికించితిమి. వెనుకటి గూనపెంకల కప్పున సందులెన్నో యుండెడివి. వేడిగాలితో విషవాయువును అందుండి పోయెడిది. ఇటీవల కోతుల బాధ మితిమీఱి పెంకలన్నియు తీసివేయుచుండగా, ఆ గదిమట్టుకు పెంకలు దింపి ఇనుపరేకులు వేసిరి. రేకుల వేడికి తాళలేక క్రింద ప్లాస్టికు కప్పు కొట్టించిరి. కిటికీకి అద్దపు తలుపులు బిగించిరి. కుంపటి మునుపటిదే, ఇల్లు మాత్రము మాఱినది! తమ యింటికి ఏయే మరమ్మతులు జరిగెనో చదువరులొకమాఱు జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది.

చలిదేశములవారు పొయ్యికి గొట్టమమర్చి వాయువును కప్పుపైకి పంపుదురు. ఆ గొట్టమైనను పూడరాదు. ఫ్రెంచి నవలాకారుడు ఎమిలీ జోలా 1902లో పారిసులో తన పడకగదియందే, పొగగూడు సరిగా లాగక, ఈ వాయువుచే మరణించెను. గొట్టమే లేని మన కుంపటిని గూర్చి వేఱుగ చెప్పనేల? తలుపు ఓరగ తెఱచినను చాలదు. కుంపటి వాకిట నుండవలెను; కాగుట ముగించి, నిప్పు నచ్చటనే విడిచి పండుకొనవలెను. బిడ్డకు సాంబ్రాణి వేసిన నిప్పును సయితము వెంటనే బయట పెట్టుడు.

మఱి బాలెంతకు వెచ్చదనమెట్లు? చలి నేలనుండి వచ్చును గనుక పైన కప్పుటకంటె క్రింద పఱచుట ముఖ్యము. చాపపై గొంగడి, దానిపై బొంత వేసినచో సగము చలి తీఱును. ఇటుకను కాచి గుడ్డచుట్టి పడకను వెచ్చజేసి, బిడ్డను పండబెట్టుటకు ముందే దానిని తీసివేయవలెను. బిడ్డ తలకు టోపీ మఱువరాదు. తల్లి మేలుకొని యున్నంతసేపు బిడ్డను ఱొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచుకొనుట ఏ కుంపటికిని తీసిపోదు. 1978లో కొలంబియాలోని బొగోటా నగరమున వైద్యులు నెలలు నిండని శిశువుల నిట్లే కాపాడ నారంభించిరి. నేడు మన ఆసుపత్రులలోను చేయించుచున్నారు.

మొన్న మరల కోనరావుపేట వెళ్లితిమి. బిడ్డ గోడ పట్టుకొని నడచుచున్నది. బొక్కెనపొయ్యి వాకిట తులసికోట ప్రక్కకు చేరినది. సాయంకాలము అందఱును దాని చుట్టు కూర్చుండి జొన్నరొట్టె తినుచున్నారు. అవ్వ మాత్రము గొంగడి గుచ్చుకొనుచున్నదని ఇంకను సణుగుచునే యున్నది.