మా ఇంటి బైబిలు, మా సర్టిఫికెట్

హాస్టల్లో చేరిన మొదటి వారం అందరూ అడిగినవి రెండే ప్రశ్నలు. ర్యాంకెంత? కేటగిరీ ఏంటి? నేను "బీసీ-సీ" అనగానే సగం మందికి అర్థం కాలేదు. "బీసీ-బీ నా?" అన్నాడు ఒకడు. "అదేం కేటగిరీ బ్రో, ఎప్పుడూ వినలేదే" అన్నాడు ఇంకొకడు. వాళ్ళ తప్పేం లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకీ, వాళ్ళ సంతానానికీ మన రాష్ట్రం పెట్టిన గ్రూపు అది. రిజర్వేషన్ 1 శాతం. అదే కుటుంబం హిందువులుగా రాయించుకుంటే ఎస్సీల 15 శాతంలో ఉంటుంది.

మాది పెద్దాపురం. గోదావరి జిల్లాల్లో లూథరన్ మిషన్ 1840ల్లో రాజమండ్రిలో మొదలైంది. ముందు జర్మనీ వాళ్ళు నడిపారు, తర్వాత అమెరికా వాళ్ళ చేతికొచ్చింది. మా ఊళ్ళో లూథరన్ హైస్కూలు ఆ వరసలోదే. మా ఇంటికి మతం, పలక కలిసే వచ్చాయని మా తాతయ్య అనేవారు. ఇంట్లో రెండుసార్లు బైండింగ్ చేయించిన ఒక బైబిలు ఉంది. దాని మొదటి పేజీలో ముత్తాత దగ్గర్నుంచి పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు వరసగా రాసి ఉంటాయి. రోజూ రాత్రి అన్నాలకి ముందు కుటుంబ ప్రార్థన. ఒక్కొక్కరం ఒక్కో వచనం చదవాలి. తప్పు చదివితే మళ్ళీ మొదట్నుంచి. మా మామ్మ బడికి వెళ్ళలేదు, చదవడం ఆ వంతుల్లోనే నేర్చుకుంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలైతే పుస్తకం తియ్యకుండా పాడేది.

ఇప్పుడు ఏ కూడికకి వెళ్ళినా "పిల్లలకి ఆస్తి కాదు, విశ్వాసం వారసత్వంగా ఇవ్వండి" అంటారు. బాగానే ఉంటుంది. కానీ ఆ వారసత్వం సర్టిఫికెట్ దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో ఎవరూ మాట్లాడరు. ఆదివారం పాఠం చదివే పెద్దమనిషి కొడుకు కాగితాల మీద హిందువు. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

నాన్న పదో తరగతిలో ఉండగా కులం సర్టిఫికెట్ కోసం తాతయ్య ఆయన్ని తీసుకుని మండలాఫీసుకి వెళ్ళారట. అక్కడ గుమస్తా మంచివాడే. "మాస్టారూ, మతం హిందూ అని రాసేద్దాం, పిల్లాడికి పనికొస్తుంది" అన్నాడట. తాతయ్య వద్దన్నారు. "ఆదివారం ఒక మతం, సోమవారం ఒక మతం నా వల్ల కాదు" అన్నారట. ఈ మాట మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని తర్వాత ఏం జరిగిందో మాత్రం చెప్పుకోరు. నాన్నకి రెండు ఉద్యోగాలు అందినట్టే అంది జారిపోయాయి. ఇప్పుడు సామర్లకోటలో ఒక కొట్లో లెక్కలు రాస్తున్నారు. ఆ ఉద్యోగాలు పోయాక చాన్నాళ్ళు ప్రార్థనలో కూర్చునేవారు గానీ, తన వంతు వస్తే చదవకుండా బైబిలు అమ్మ చేతికి ఇచ్చేసేవారట. ఇది అమ్మ చెప్పింది.

నా ర్యాంకు వచ్చినప్పుడు నాకూ కోపం వచ్చింది. మా తాతయ్య తమ్ముడి మనవడికి నాకంటే వెనక ర్యాంకు. నేను అనుకున్న కాలేజీలో, అనుకున్న బ్రాంచి వాడికి వచ్చింది. వాడి కాగితం వేరు. వాడూ నేనూ క్రిస్మస్ రాత్రి ఒకే బృందంలో ఇంటింటికీ తిరిగి పాటలు పాడతాం. వాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు. మా తాతయ్య చిన్నప్పుడు హోటల్లో విడిగా పెట్టే గ్లాసు, బాప్తిస్మం తీసుకున్నారని బల్ల మీదకి రాలేదు. పేట అదే, చూపు అదే. కాకినాడలో పెరిగి, మనలాగే ఇంజనీరింగ్ కాలేజీలో, వరంగల్ ఆర్ఈసీలో చదివిన సుజాత గిడ్ల 2017లో తమ కుటుంబం గురించి 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' రాశారు. మిషన్ చదువు ఏం ఇచ్చిందో, కులం ఎలా వెంటాడిందో రెండూ అందులో ఉన్నాయి. చదవండి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం మతం మారితే కులం పోయినట్టే లెక్కగట్టింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని ఎస్సీల్లో కలిపారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉన్నారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులని చేర్చమని తీర్మానం చేసింది, కానీ మార్చాల్సింది కేంద్రం. నా దృష్టిలో ఇది మతాల గొడవ కాదు. నిజం రాసినవాడు నష్టపోతాడు, రాయనివాడు జీవితమంతా గొంతు తగ్గించుకుని బతుకుతాడు. ఒకే ఇంటి వాళ్ళని రెండుగా చీల్చే రూలు ఇది.

మరి తాతయ్య చేసింది తప్పా? తప్పని అనలేను. ఆయన మాటకీ బతుక్కీ తేడా లేదు, ఆ బైబిలు నా చేతికి వస్తే సిగ్గుపడకుండా తెరవగలను. కానీ ఆయన నిజాయితీకి ధర కట్టింది నాన్న. ఆ రోజు ఆఫీసులో పక్కనే నిలబడ్డ పదిహేనేళ్ళ కుర్రాణ్ణి "ఏమంటావురా" అని ఆయన ఒక్కసారి అడగలేదు. నాకున్న ఫిర్యాదు అదొక్కటే. వారసత్వం అంటే మనం తీర్పు చేసేసి పిల్లల చేత సంతకం పెట్టించడం కాదనుకుంటా. మా ఇంట్లో విశ్వాసం గురించి రోజూ మాట్లాడాం గానీ, దానికి ఎంత ఖర్చయిందో ఒక్కరోజూ మాట్లాడలేదు.

ఈ ఏడాది చెల్లి ఇంటర్ అయిపోయింది. సర్టిఫికెట్ కొత్తగా తియ్యాలి. బంధువొకాయన "తెలిసినవాళ్ళున్నారు, మార్పించేద్దాం" అన్నారు. నాన్న నాకు ఫోన్ చేసి "ఏం చేద్దాంరా?" అని అడిగారు. "నన్ను కాదు నాన్నా, దాన్ని అడగండి" అన్నాను. అడిగితే అది ఇచ్చిన జవాబు: "అసలు తాతయ్య ఎందుకలా రాయించారో నాకెవరైనా చెప్పారా?"

ఆ రాత్రి ప్రార్థనకి నన్నూ వీడియో కాల్‌లో కూర్చోబెట్టారు. నెట్ రెండుసార్లు ఆగింది. వచనం చదవడం అయ్యాక నాన్న బైబిలు మూసి, మండలాఫీసులో ఆ రోజు జరిగింది మొదట్నుంచి చెప్పారు. పోయిన ఉద్యోగాల సంగతి, ప్రార్థనలో చదవకుండా కూర్చున్న ఆ రోజుల సంగతి కూడా చెప్పారు. చెల్లి మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. ఫారం సోమవారం ఇవ్వాలి.